గీతకి బైట

టేబుల్ మీద మూడు ముక్కలు:
నీలం యాక్రిలిక్, ప్లాస్టిక్ గడ్డి,
చేతికి గరుగ్గా తగిలే సిమెంటు పలక.
విశాఖ నుంచి వచ్చిన కాంట్రాక్టరు
"ఏదేసినా పదేళ్ళు చూడక్కర్లేదు సార్" అన్నాడు.

నాలుగోది గొరవయ్య తెచ్చాడు,
తలగుడ్డ కొసన మూటగట్టి.
చంపావతి ఒడ్డు ఎర్ర పుట్టమన్ను.
తడిపి, పిసికి, ఫైలు పక్కన పెట్టాడు.
"ఇది రోజూ నీళ్ళడుగుతాది బాబూ,
వానొస్తే అలుగుతాది.
గానీ బంతెక్కడ పడ్డాదో దాచదు."

నిజమే.
నెల్లిమర్ల మిల్లు క్లబ్బులో
నా ముప్ఫై ఏళ్ళ బొంకులు అతనికే తెలుసు.
నేను "లోపలే" అని అరిస్తే
వంగి, మచ్చ చుట్టూ వేలు తిప్పి,
నా మొహం చూడకుండా
"బైటే" అనేవాడు.

మోకాళ్ళు మట్టి అంటున్నాయి,
బడ్జెట్టు నీలం అంటోంది.
చూడక్కర్లేదంటే
పొద్దున్నే రోలరు లాగే మనిషి అక్కర్లేదని
కమిటీలో ఎవరూ పైకి చదవలేదు.
సెక్రటరీని. పెన్ను తీశాను.

ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే
తనే వచ్చి
బొటనవేలితో అదిమిపట్టాడు.

సంతకం గడికి
వెంట్రుకవాసి ఎడంగా
ఎర్రటి మచ్చ.

ఈసారి
నేనే వంగి చూశాను.