మూడో రీలులో దారం

మూత తీయగానే పులిసిన వాసన.
మోంటెవీడియోలో జూలై. కిటికీ అవతల
బురదరంగు నది మీద చలిగాలి ఈల.
డబ్బా మీద ఎవరిదో వంకర టింకర రాత:
"1954. పారేయొద్దు."
ఎవరు రాశారో తెలియదు.
ఆ ఒక్క మాట చలవే
ఈ పూట నా చేతిలో పని.

పదకొండు నెలలు పట్టింది.
ముడుచుకుపోయిన ఫిల్మును
నిద్రపోయే పసివాడి గుప్పిట విప్పినట్టు విప్పాను.
బూజు, తేమ మచ్చలు, ఎవరిదో బొటనవేలి ముద్ర.
రెండో రీలులో ఒక ముద్దు లేదు.
ఏ ఊరి హాల్లోనో ఫాదరు కళ్ళెర్రజేస్తే
ఆపరేటర్ కత్తిరించి ఉంటాడు.
అతుకు మాత్రం ఎంత పొందిగ్గా వేశాడంటే
వాడి మీద కోపం కూడా రాలేదు.
ఆ ముద్దు నేను పుట్టిస్తానంది కంప్యూటర్.
వద్దన్నాను.
ఎవరి పెదవులో తెచ్చి ఎవరికో అంటించడం
మరమ్మతు ఎలా అవుతుంది?

చిక్కంతా మూడో రీలులో.
విధవరాలి కిటికీకి పావురం తిరిగొచ్చే దృశ్యం.
ఆనాటి మసక దీపానికి, ముతక తెరకు
అది నిజం పావురమే.
కొత్త స్కానర్ కన్ను చల్లనిది, దయ లేనిది.
రెక్క నుంచి ఫ్రేము అంచు దాకా
సాలీడు వదిలేసి వెళ్ళినట్టు
ఒక దారం.

"తుడిచేయండి" అన్నాడు నిర్మాత మనవడు ఎవరిస్తో.
"తాతయ్య మీకు చూపించింది పావురాన్ని."
"ముట్టుకోవద్దు" అంది మా పెద్దమ్మగారు ఒలాస్కోగా.
"నెగటివులో ఉన్నది ఉన్నట్టే.
మనం కాపలావాళ్ళం, దర్జీలం కాము."
ఇద్దరిదీ నిజమే.
రెండు నిజాల మధ్య కూర్చుని
నేను మాతే టీ చల్లార్చుకున్నాను,
మూడు వారాలు.

అప్పుడు వచ్చింది జుల్మా, ఎనభై ఒక్క ఏళ్ళు,
ఊలు టోపీ తీయకుండానే కుర్చీలో కూలబడి.
పదకొండేళ్ళప్పుడు కిటికీ తలుపు వెనక నక్కి
దారం లాగింది తనే.
చూపించాను.
ఏడుస్తుందనుకున్నాను.
నా బాల్యాన్ని తుడవకు తల్లీ అంటుందనుకున్నాను,
అంటే నాకు తేలికయ్యేది.

"పదిహేడు సార్లు లాగాను ఆ రోజు.
కనిపిస్తోందని పదహారు సార్లు తిట్లు.
చివరి దాంట్లో కనిపించలేదని మా నాన్న
బజారులో బెల్లప్పాకం వేరుశనగలు కొనిచ్చాడు.
డెబ్భై ఏళ్ళు దాగిన దాన్ని
నువ్వొచ్చి పట్టుకున్నావా, దొంగదానా!"
నవ్వి నవ్వి దగ్గింది.
"తీసెయ్. ఆ వేరుశనగలు అన్యాయంగా తిన్నట్టుంది నాకు."

తీసేశాను. రెండువందల పన్నెండు ఫ్రేములు.
దారంతో ఉన్న ప్రతి వేరే డబ్బాలో
చలి అరలో పడుకుంది,
రేపు ఎవరైనా నాతో పోట్లాడటానికి.

కానీ నూట నలభయ్యో ఫ్రేము దగ్గర
పావురం కుడివైపు చటుక్కున ఒరుగుతుంది.
"కుదుపు. సరిచేయనా?" అని అడిగింది యంత్రం.
జుల్మా చూపుడు వేలి మీద
తెల్లటి సన్నని గీత చూశాను నేను.
దారం కోసిన క్షణం అదే కావచ్చు,
కాకపోవచ్చు.
వద్దు అని నొక్కాను.

ప్రదర్శన రోజు హాలు సగమే నిండింది.
పావురం వచ్చింది, ఒరిగింది, వాలింది.
ముందు వరసలో ఎవరో చిన్నగా ఊపిరి పీల్చారు.
పక్కకి చూశాను.
జుల్మా మొహం చిట్లించుకుని ఉంది.

"ఏమైంది?"
"బొమ్మ బాగుంది. శబ్దమే మరీ కడిగేశావు.
ఈ సీను దగ్గర వెనక బెంచీలో
మా అత్త ముక్కు చీదేది.
ఆపరేటర్ ఈల వేసేవాడు.
తొక్కలు కాళ్ళ కింద చిటపటమనేవి.
అవెక్కడ పెట్టావు?"

సంచీలో వెతికి
ఒక పొట్లం నా ఒళ్ళో పెట్టింది.
చప్పుడు చేస్తూ తినమంది.