నలభై డ్రమ్ముల తేడా

జూన్ నెల. ఫ్యాక్టరీ గేటు కాడ్నుంచి గుడిపాల రోడ్డు మలుపు దాకా
కాయల ట్రాక్టర్లు.
లోపల, ఫ్యాను కింద, నేనూ నా లెక్కా
నలభై డ్రమ్ముల కాడ నిలబడిపోయినాం.

ఏప్రిల్ చిట్టాలో ఈజిప్టు ఆఫ్రికాలో ఉండాది.
మేలో మధ్యప్రాచ్యంలోకి వచ్చి కూసుంది.
"కొనేవాడి కాగితంలో ఎట్లుంటే అట్లే కొట్టినా మేడం"
అంటాడు జ్ఞానశేఖర్.
టర్కీ ఒకడికి యూరప్పు, ఒకడికి ఆసియా.
ఆఫ్ఘనిస్తాన్ మూడు కాగితాల్లో మూడు చోట్ల.
గుజ్జు మాత్రం ఒక్క ఊరికే పోయింది.

గ్లౌజులకు సంతకం కోసం వచ్చింది మునెమ్మ,
మోచేతుల దాకా రసం.
"ఇదంతా యాడికి పోతాది పాపా?"
"మధ్యప్రాచ్యానికి. ప్రాచ్యమంటే తూరుపు."
"సముద్రం దాటి పడమటికని సారు చెప్పినాడే?"
"పడమరే."
కొంచేపు నిలబడింది.
"పడమట ఉండేదాన్ని తూరుపంటే
ఆ పేరు పెట్టినోడు
ఇంకా పడమట యాడో కూసోనుండాల."
సంతకం తీసుకోని పోయింది.
కాగితం మీద ఆమె బొటనవేలు, పసుపుపచ్చగా.

మనల్ని ఎక్కడ రాసినారో అని వెతికినా.
దక్షిణాసియా. ఉపఖండం.
మూడోవాడు ఆసియా పసిఫిక్ అన్నాడు.
పసిఫిక్ అంట!
నీవా ఏట్లో నీళ్లు చూసే ఎన్నేండ్లయిందో.

చంద్రగిరిలో మా చెల్లెలు
ఇల్లు కదలకుండానే జిల్లా మారింది.
అనంతపురం ఆడిటరుకు మాది అసలు సీమ కాదు.
వేలూరు చీరలంగట్లో నేను ఆంధ్రా.
నెల్లూరు పెండ్లి పంక్తిలో నా మాట విని
"అరవమా?" అన్నారు.
ఔనన్నా. పప్పు చల్లారిపోతా ఉండింది.

ఈ కాయనే తీసుకో.
మాకు బెంగుళూరా, ఎగుమతికి తోతాపురి,
అరవానికి కిళిమూకు, కన్నడానికి గిణిమూతి.
చెట్టు కిందికి పోయి చూసినోళ్లకు మాత్రం
చిలకముక్కే కనబడింది.

రాత్రి పదకొండుకు
ఈజిప్టుకు విడిగా ఒక గడి గీసినా.
ఏ ఖండమూ రాయలేదు.
ఆడిటరు అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

గేటు బయట, ట్రాక్టర్ల కింద తువ్వాళ్లు పరుచుకోని
పండుకోనుండారు పాలసముద్రమోళ్లు, బంగారుపాళెమోళ్లు,
ఎల్లకవతల అరవోళ్లు,
తలా ఒక దిక్కుకు.
ఉత్తరానికి మాత్రం
ఎవరూ తల పెట్టలేదు.