యాభై ఐదు

మా ప్రయోగశాల ఒకప్పుడు
సముద్రపు నాచు ఎండబెట్టుకునే షెడ్డు.
వాన పడితే ఇప్పటికీ గోడలు ఉప్పు కక్కుతాయి.

జూన్ పున్నమి వెళ్ళిన ఐదో రాత్రి
తొట్లలో పగడాలు గులాబీ పూసలు వదిలాయి.
జల్లెడ పట్టి, కడిగి, పెరగనిచ్చి,
ఒకానొక తెల్లవారుజామున
గాజుపలక మీద పరిచి దీపాలార్పాను.

చీకట్లో ఇరవై ఎనిమిది క్రోమోజోములు
నీలంగా, కత్తిరించి పారేసిన దారప్పోగుల్లా.
ఒక్కోదానికి రెండు కొసలు, కొసకో ఎర్ర చుక్క.
యాభై ఆరు రావాలి.
యాభై నాలుగొచ్చాయి.
మళ్ళీ లెక్కపెట్టాను. యాభై ఐదు.
ఒకటి దేనికిందో నక్కింది,
లేదా నాకే నిద్రొస్తోంది.

టీ టీ ఏ జీ జీ జీ
టీ టీ ఏ జీ జీ జీ
వేలసార్లు ఇదే గొణుగుడు.
రంగునివ్వదు, ముల్లునివ్వదు.
పడవ తాడు కొస పీచు లేవకుండా
తాత బిగించి చుట్టే నూలు, అంతే.
కణం చీలినప్పుడల్లా ఒక చుట్టు ఊడుతుంది.
ఎవరో వచ్చి మళ్ళీ చుడతారు.
ఒక్కోచోట ఎవరూ రారు.

పొద్దున్నే ఫొటో పట్టుకుని నబీ అవ్వ దగ్గరికెళ్ళాను.
కాకరకాయ గింజలు చెంచాతో గీకుతోంది.
"చేపగుడ్లా?"
"పగడం కొసలు. నీ కొసల్లోనూ ఇవే ఆరక్షరాలు, ఇదే వరుస."
"మరి దీనికో?"
చెవి దగ్గర తేనెటీగ ఒకటి ముసురుతోంది.
"ఐదే. దారిలో ఎక్కడో ఒక జీ జారవిడుచుకుంది."
"పాపం."
"పగడం ఒంట్లో కాపురముండే నాచుకి ఏడు."
"అద్దెకున్నోళ్ళకి ఒకటెక్కువా!"

అరవై కోట్ల ఏళ్ళ కిందటనో, అంతకు ముందో,
నేను గట్టిగా చెప్పలేను,
వెన్నెముక లేని ఏదో మెత్తని తల్లి
ఈ మాట పట్టుకుని ఉంది.
ఒక బిడ్డ ఈదుకుంటూ పోయింది,
ఒక బిడ్డ రాయి చూసుకుని కూర్చుంది.
కళ్ళొచ్చినవాళ్ళూ కళ్ళు రానివాళ్ళూ
ఆ మాట మాత్రం మార్చలేదు.

అవ్వ చెంచా కింద పెట్టింది.
"యుద్ధం అయిపోయాక కప్పు పెంకులకి సున్నం కావాలని
ఇదే పగడాన్ని పలుగుతో పెళ్ళగించి కాల్చాం.
మూడు రాత్రులు మండింది బట్టీ.
చుట్టాలని అప్పుడెవరు చెప్పారు?"

ఆ ఎండాకాలం నీళ్ళు ముప్పై ఒకటి దాటాయి.
ఏడక్షరాలవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు.
రేవు కింద పగడాలన్నీ అవ్వ చెప్పిన సున్నమే.
కొసలు తీసి చూశాను. చెక్కుచెదరలేదు.
అరిగిపోయి కాదు, అవి ఆకలికి పోయాయి.

చలిగాలి తిరిగాక అవ్వకి కజిమాయా.
తొంభై ఏడు వచ్చినవాళ్ళు మళ్ళీ పసివాళ్ళని
కాగితం గాలిమర చేతికిచ్చి
ఊరంతా తిప్పుతాం, టాపు లేని బండిలో.
వంతెన దగ్గర గాలి పడిపోయింది. మర ఆగింది.
దారి పక్కన చేతులూపేవాళ్ళు కాస్త తడబడ్డారు.
అవ్వ బుగ్గలు పూరించి తనే ఊదింది, రెండుసార్లు,
మూడోసారికి దగ్గొచ్చింది.
బండి పక్కనే నడుస్తున్న నన్ను వంగి పిలిచి,
"ఆ ఒక్కటీ దొరికిందా?" అనడిగింది.