మొదట వణకాల

నాలుగు ఆస్కార్ పిల్లలు.
ఒక్కొక్కటి చింతగింజంత.
గింజకు నోరుంటే ఎట్లుంటుందో
అప్పుడే మొదటిసారి చూసినా.

కమలానగర్ చేపలంగడి ఖలందర్
కవర్లో నీళ్ళు పట్టి రబ్బరు బిగిస్తా చెప్పినాడు:
"ఇవి గింజలు తినవన్నా, కదిలేదే తింటాయి.
పూటకింత పడాల. పడకపోతే
పక్కదాన్ని చూసుకుంటాయి."

మేడ మీద పగిలిన తొట్టిలో
ట్యాంకరు నీళ్ళు పోసి, నాలుగు వేపాకులేసి
దోమలకు వదిలేసినా.
వారం తిరక్కముందే తొట్టినిండా
తలకిందులుగా వేలాడే దోమపిల్లలు.
టీ వడకట్టే జాలితో ఎత్తి
ట్యూబులైటు కింద వదిలితే
టప్.
ఒకటి తక్కువ.
టప్.

శుక్రవారం డ్రై డే.
మున్సిపాలిటీ నాగలింగమ్మ మెట్లెక్కొచ్చి
తొట్టిలో తొంగిచూసి, నన్ను చూసింది,
దొంగసారా కాసేవాణ్ణి చూసినట్టు.
"పెంచుతుండావా? దోమల్ని? ఈ అనంతపురంలో?"
చేపలకమ్మా, అన్నా.
"మా వీధిలో పదకొండు మంది జొరంతో పడుండారు" అనింది.
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.
తొట్టి తనే వంచింది.
నా చేపల నెల సరుకు
వేడి గచ్చు మీద కాసేపు కొట్టుకొని
మరకయ్యింది.

ఆదివారానికి మూడు.
నాలుగోది ఎక్కడని వెతకలేదు.
పెద్దదాని పొట్ట చూస్తే తెలుస్తానే ఉంది.
అది మాత్రం ఏమీ ఎరగనట్టు
మొప్పలాడిస్తా, గాజుకు ముఖం ఆనించి
నన్నే చూస్తాంది,
ఇంకేముంది అన్నట్టు.

పాతూరు మార్కెట్లో
నెల్లూరు నుంచి ఐసులో వచ్చిన రొయ్యలు,
ఇరవై రూపాయలకు పిడికెడు.
ఒలిచి, నూకలంత ముక్కలు కోసి వేసినా.
మునిగినాయి. పడినచోటే పండుకున్నాయి.
చేపలు వాటి మీదుగా పోయినాయి
గులకరాళ్ళ మీదుగా పోయినట్టు.
తెల్లారేసరికి నీళ్ళు తెల్లబడి ఒకటే కంపు.

మూడ్రోజులు చూసింది మా ఆజి.
సిందే అంబూబాయి. ఎనభై ఒకటి.
ఒక కంట్లో పొర, రెండో కంటి మీద నమ్మకం లేదు.
తెర వెనక నలభై ఏండ్లు నిలబడిన మనిషి.
బొమ్మలన్నీ లాంప్‌షేడ్లై బెంగుళూరు పోయినాక
చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది,
ఎవరివో దాచిపెట్టినట్టు.

"ఏందిరా, పీనుగల్ని విసుర్తావు?
ఆ చీపురుపుల్ల ఇట్లా తే."

పుల్లకొనకు రొయ్యముక్క గుచ్చి
నీళ్ళలోకి దించింది.
గబగబా ఆడించు ఆజీ, అన్నా.
"అట్లయితే బెదురుతాయి.
చచ్చింది మొదట వణకాల.
ఊరికే, గాలి తగిలినట్టు.
ఆ తర్వాత ఒక అడుగు.
నిలబడాల. ఎవరో పిలిచినట్టు ఎనక్కి చూడాల.
అప్పుడు పరిగెత్తాల.
మేకతోలైనా అంతే, రొయ్యైనా అంతే."

కింద పీట మీద కుడికాలు
దానంతటదే తాళం కొడతాంది.
ముక్క వణికింది.
ఒక అడుగేసింది.
ఎనక్కి చూసింది. రొయ్యముక్కకు మెడ ఎక్కడిదో
నాకు తెలీదు, కానీ చూసింది.
పెద్దది రాలేదు.
అన్నిటికన్నా చిన్నది, తోక కొరికించుకున్నది,
ముందు వచ్చింది.
ఆజి చేతిలో పుల్ల ఒక్కసారి గుంజుకుంది.

"ఖా," అనింది మరాఠీలో, "ఖా, ఖా."
నాకెప్పుడైనా అంత మెత్తగా చెప్పిందా?
గుర్తు లేదు.

ఇప్పుడు మూడూ అరచెయ్యంత.
ముక్క ఎట్లా పడినా మింగుతాయి,
ఆటతో పని లేదు వాటికి.
ఖలందర్ శభాష్ అన్నాడు.
కొనేవాళ్ళుండారు, పంపమన్నాడు.

ఆజికి చెప్పలేదు.
రాత్రి ఎనిమిదికి పీట వేసుకుంటుంది,
లైటెయ్యమంటుంది,
ఉత్తపుల్ల నీళ్ళలోకి దించుతుంది.

కడుపు నిండిన మూడు చేపలు
గాజు దగ్గరకొచ్చి
వరుసగా నిలబడతాయి.