అరవై నాలుగో వంతు

గుంతకల్లులో నేను పళ్లసెట్లు చేస్తాను.
రాత్రి పదైనాక అదే మైనంతో, అదే సన్నాకురాయితో
రైలింజను.

మీటరు గేజి.
పట్టాల నడుమ మీటరు
నా బల్లమీద పదిహేనున్నర మిల్లీమీటర్లు.
ఈ కొలతకు చక్రాలు ఏ అంగట్లోనూ దొరకవు.
లేతు షాపు మౌలాలి ఇత్తడి కడ్డీలోంచి
పన్నెండు తీసిచ్చినాడు, మూడు వంకర.
డాల్డా డబ్బా రేకు బాయిలరైంది.
రివెట్లు వెనకనుంచి సూదితో పొడిచినవే,
నాలుగొందల పద్దెనిమిది.
తుమ్మినందుకు ఒక వరస మళ్లీ.

నిన్న దస్తగిరన్నను పిలిచినాను,
ఆ బండికి పదకొండేండ్లు బొగ్గేసినాయన.
అయిదడుగుల నాలుగంగుళాల మనిషి,
నా లెక్కలో సరిగ్గా ఒక అంగుళం.
ఆయన కింది పళ్లు నేను కట్టినవే.

భూతద్దం పట్టుకొని ఎంతసేపో చూసినాడు.
మెచ్చుకోలే.
"మేకు యాడ?"
"ఏం మేకన్నా?"
"లోపల, కుడిపక్క. సద్దిమూట తగిలిచ్చేది."
పటంలో లేదన్నాను.
"గీసినోడు ఎప్పుడన్నా ఆకలితో బండెక్కినాడా?"

ఆయన పోయినాక లెక్కేసినాను.
మూడంగుళాల మేకు,
మిల్లీమీటరు, పైన చిల్లర.
పాత బ్రష్షు పోచ ఒకటి తుంచి
ఊపిరి బిగబట్టి అతికించినాను.
దీపం ఎటు తిప్పినా కనపడదు.

రేపు పళ్లు సరిచేయించుకోను వస్తాడు.
మేకు సంగతి నేనెత్తను.
ఇంజను ఆయన ముందర పెడతా.
చెయ్యి దానంతటదే
కుడిపక్కకు పోతుందేమో
చూడాల.