పదకొండో పేజీ

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
పాత టైర్లకు కొత్త గాట్లు పోసే షాపు మీద
ఒక రేకుల గది.
కింద కాలే రబ్బరు వాసన.
పైన తొమ్మిదిమంది బస్సు ఓనర్లు,
ఎలిమెంటరీ బడి నుంచి అడిగి తెచ్చిన బెంచీల్లో
మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు.

ముప్పై ఒక్కేళ్ళు నేను బల్లకు అవతల ఉన్నదాన్ని.
లక్క విరిచి, కవరు కోసి,
కాగితం కాగితానికీ టిక్కు పెట్టే వైపు.
ఇప్పుడు చేతిలో చాక్‌పీసు.

"రేటు ఎంత ఏయాల్నో చెప్పు మేడం,
మిగతా పురాణం మాకెందుకు?"
పెనుమూరు రూట్లో తిరిగే దొరస్వామి.
"పక్కోడు ఇరవై ఎనిమిది ఏస్తాడంట.
నేను ఇరవై ఏడున్నర ఏస్తా. పనైపోతాది."

అయిపోతుంది. బండి పని కూడా.

బోర్డు మీద నిలువు గీత గీశాను.
డీజిలు. ఇద్దరు డ్రైవర్లు. నెల కంతు.
ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, బ్రేకు లైనర్లు.
కాణిపాకం మలుపులో పగిలిన అద్దం కూడా రాయమన్నాను.
"అది మా బామ్మర్ది చేసింది మేడం, దానికి లెక్క లేదు."
బామ్మర్దికి లేకపోవచ్చు, అద్దానికి ఉంది.

తెల్లారి షెడ్డు నుంచి స్టాండుకు,
రాత్రి స్టాండు నుంచి షెడ్డుకు
ఎవరూ ఎక్కని పద్నాలుగు కిలోమీటర్లు.
వీటిని డెడ్ కిలోమీటర్లంటారు అన్నాను.
"చచ్చినవి డీజిలెట్ల తాగతాయి?" అన్నాడు మొహిద్దీన్.
నా సర్వీసులో ఇంత మంచి ప్రశ్న
ఏ ఆడిటరూ వెయ్యలేదు.
వాటినీ కలిపాం.
మొత్తం దూరంతో భాగించాం.
భాగహారం దగ్గర ఇద్దరు బీడీకని కిందికి పోయారు.

ముప్పై ఒకటీ నలభై.

ఇన్నేళ్ళు తన ఇంట్లోనే ఉండి
అద్దె కట్టని మనిషిని ఇప్పుడే చూసినట్టు
దొరస్వామి ఆ అంకెను చూశాడు.
కిలోమీటరుకు మూడు తొంభై,
మూడువందల పన్నెండు కిలోమీటర్లు.
రోజూ పన్నెండువందల పైచిలుకు
సొంత జేబు కోసి సర్కారు చేతిలో పెట్టేవాడు,
కాంట్రాక్టు గెలిచానని
బండికి గుమ్మడికాయ కొట్టి మరీ.

చివరి బెంచీలో చెంగల్రాయులు ఏమీ అడగలేదు.

ఎనిమిదేళ్ళ కింద అతని కవరు నేనే కోశాను.
రేటు మంచిది. బండి మంచిది. డిపాజిట్టు ఉంది.
పదకొండో పేజీలో సంతకం లేదు.
ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత.
వరండాలో నిలబడి కిటికీలోంచి అడిగాడు:
"ఒక్క సంతకమే కదమ్మా, ఇప్పుడే పెడతా,
ఆ పెన్ను ఇట్ల ఇయ్యి."
ఇవ్వలేదు.
ఆ ఏడు మామిళ్ళ కాలం దాటకముందే
యాదమరి వాళ్ళెవరో అతని బండి కొనుక్కున్నారని విన్నాను.

నిబంధన తప్పని ఇప్పటికీ అనను.
తెరిచాక ఒకడికి పెన్నిస్తే అందరికీ ఇవ్వాలి.
కానీ తెరవడానికి నెల ముందు,
సంతకాలు ఎన్నో, ఎక్కడెక్కడో
ఒక్క ఆదివారం కూర్చోబెట్టి చెప్పడం
ఏ నిబంధన వద్దంది?
మేం అడగలేదు. టీకి ఏ పద్దు కింద రాయాలా
అన్నదగ్గరే ఆగిపోయేవాళ్ళం.

ఇప్పుడు లక్క లేదు, కవరు లేదు.
సంతకం పెట్టిన ప్రతి పేజీ స్కాను చేసి ఎక్కించాలి.
నమూనా ఫారాలు పంచాను, నింపి తెమ్మన్నాను.
మూడో ఆదివారం అందరికంటే ముందు
చెంగల్రాయులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

తిప్పాను. పది. పదకొండు.
సంతకం ఉంది,
పన్నెండో పేజీలోకి అచ్చుపడేంత ఒత్తి.
వెనక ఖాళీ వైపు కూడా ఉంది.
అన్ని పేజీల వెనకా ఉంది.
అట్ట మీద రెండుసార్లు.

"వెనక పక్క అక్కర్లేదయ్యా" అన్నాను.

నా ముఖంలోకి ఒకసారి చూసి,
పెన్నుకు మూత పెట్టి,
"ఉండనీలే మేడం" అన్నాడు.