చావుల పద్దు

మొదటి యాప్‌ని మూడు రోజులు ఉంచుకున్నాను.
బయటి భోజనాలు, వినోదం, పెంపుడు జంతువులు,
పద్దులన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి.
ఎవరో సామాను సర్దుకున్న ఇంట్లో
నేను కాపురం పెట్టినట్టు.
మా సందులో కుక్క ఎవరిదీ కాదు.
దానికి పడేసే చేప తలకాయలకి ధర లేదు.

రెండోది అందంగా ఉంది, రంగుల చక్రం తిరుగుతుంది.
నెలకి నాలుగు వందల షిల్లింగులట.
పొదుపు నేర్పుతానని ముందుగా జేబు తడిమేవాళ్ళని
కిసుము బస్టాండులో బోలెడుమందిని చూశాను.

మూడోది మెర్సెలీన్ ఎక్కించింది,
సగం తల అల్లిక, సగం తల పొద,
అలాగే కూర్చుని నా ఫోను లాక్కుని.
"ఇందులో పద్దుల పేర్లు నీ ఇష్టం, అపోండీ."

షట్టరు దించాక రాశాను.
కొట్టు అద్దె. సవరాలు, నూనె.
ఒకుము బడి ఫీజు. బుధవారం చీటీ.
నేనెన్నడూ ఎక్కని
తమ్ముడి పడవ ఇంజను బాకీ.
కాస్త ఆగి,
చావులు.

"ఈ పద్దుకి నెలసరి హద్దు ఎంత?" అంది యాప్.

అడగాల్సింది నన్నా?

ఎవరైనా పోతే ఫోన్లో జాబితా వస్తుంది,
పేరు, పక్కన అంకె, అందరూ చూసేలా.
చావింటికోసం చెయ్యి చాపడం మాకు సిగ్గు కాదు,
ముడుచుకోవడం సిగ్గు.
నిరుడు మార్చిలో ఇద్దరు.
పెద్ద వానల్లో ఎవరూ లేరు.
ఆగస్టులో వరసగా నలుగురు,
ఒక వారం మేం ఉప్పూ ఉగాలీ తిన్నాం.
మొత్తం పదిహేనుమంది. పన్నెండుతో భాగించాను.
నెలకి ఒక మనిషీ,
ఇంకో మనిషిలో పావు వంతూ.

ఎనిమిది వందలు అని కొట్టాను.

ఆ నెల ఎవరూ పోలేదు.
ఎండు ఒమెనా అమ్మే ముసలమ్మ దగ్గుతూనే ఉంది.
బోడా బండి కుర్రాడు హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి
లారీల మధ్య దూరుతూనే ఉన్నాడు.
సరస్సు మీదికి వెళ్ళిన పడవలన్నీ
లెక్కకి లెక్క తిరిగొచ్చాయి.
ముప్పయ్యో తారీకు రాత్రి తెర మీద కాగితప్పువ్వులు రాలాయి:
"శభాష్! ఈ పద్దులో మొత్తం మిగిల్చారు.
వచ్చే నెలకి జరపమంటారా?"

బొటనవేలు గాల్లోనే ఆగింది.
అవునంటే పిలిచినట్టు.
కాదంటే, ఈ డబ్బు ఎవరిది?
ఫీజులోకి మార్చబోయి మానేశాను.
వీధిలోని ఒక్కొక్కరి ముఖం
ఆ పచ్చటి అంకెలోంచి నన్ను చూస్తోంది.

మర్నాడు మెర్సెలీన్ వచ్చింది, పాత జడలు విప్పించుకుని
కొత్తవి వేయించుకోడానికి. నాలుగు గంటల పని.
లేచి పర్సు తీయబోతే వద్దన్నాను.
ఆవిడ ముందే రాసుకున్నాను, చావుల పద్దులో,
ఆరు వందలు, మెర్సెలీన్ తల.
యాప్ కారణం అడగలేదు.

"మరీ బిగించావే, నెత్తంతా నొప్పి" అంది
అద్దంలో కనుబొమలు పైకి లాక్కుంటూ.

నొప్పెడుతోందా, అని ఇంకోసారి అడిగాను.